రెండే పిలుపులు

ముద్రపలక మీద కుడిపాదం ఆనించి సింగారమ్మ కదలకుండా నిలబడింది. కింద నుంచి దారప్పోగుల్లాంటి వేళ్ళు పైకొచ్చి, పాదాన్ని మడమ నుంచి బొటనవేలి దాకా తడిమి, వెనక్కి పోయాయి. పదిహేడేళ్ళుగా నెలనెలా జరుగుతున్నదే. అయినా ఆ తడుముడికి ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తూనే ఉంటుంది. ఎదురుగా గోడ కట్టినట్టున్న పచ్చదనం మనిషి పట్టేంత మేర చీలి, లోపల తడినేల కనపడింది. అప్పుడప్పుడే తెల్లవారుతోంది.

"ఆనవాలు పట్టింది బాబూ, రండి. నా ఎనక మూడడుగులు దాటి ఉండకండి. ఉంటే మీ ముందు మూసేస్తాది."

"మూసేస్తే?"

"నేను ఎనక్కొచ్చి తెరిపియ్యాలండి. తెరుసుకుంటాదో లేదో మన సేతిలో లేదు."

అనుదీప్ ఆ మాట విని ఒకడుగు దగ్గరికి జరిగాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు, వర్షవన మండలిలో వేరుతంతి విభాగం ఇంజనీరు. అడవి మాట్లాడుకునే తీరు మీద పెద్ద చదువు చదివాడు గానీ అడవిలో కాలు పెట్టడం ఇదే మొదలు. వీపు సంచిలో నీళ్ళు, తిండి, మూరెడు పొడుగున్న మౌనకీలం అనే మేకు, దాన్ని కొట్టే సుత్తి. జలగలు పట్టకుండా సింగారమ్మ ఇచ్చిన పొగాకు నీళ్ళని మొహమాటానికి రెండు చుక్కలు రాసుకుని సరిపెట్టాడు. గంట తిరక్కుండానే బూట్లు విప్పి చూసుకుని లబోదిబోమన్నాడు. సింగారమ్మ నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకోడానికి కాస్త కష్టపడింది.

ముప్ఫై ఏళ్ళ కిందట జేగురుకొండ మీద నీడకి కూడా చెట్టు లేదు. వానలు ముఖం చాటేశాక మండలి వాళ్ళు వచ్చి, వేళ్ళలో తంతి కలిపిన మొక్కలు నాటారు. ఒక చెట్టుకి దాహమేస్తే కొండంతటికీ తెలిసేలా కట్టిన ఏర్పాటది. వానలు పడ్డాయి, ఏర్లు నిండాయి, మండలి వాళ్ళు ఒకరికొకరు దండలు వేసుకున్నారు. అడవి పెరగమంటే పెరిగింది, ఆగమంటే మాత్రం ఆగలేదు. ఎగిరే యంత్రాల్ని పంపిస్తే కొమ్మలు పైనే పట్టేసుకున్నాయి. కత్తి పట్టుకుని నరుక్కుంటూ పోయినవాళ్ళకి తిరిగొచ్చే దారి కనపడలేదు. ఆఖరికి తేలిందేంటంటే, తను మొలిచినప్పటి నుంచీ తన మీద వట్టి కాళ్ళతో నడిచిన కొండరెడ్ల అడుగుల్ని మాత్రం అడవి గుర్తుపెట్టుకుంది. వాళ్ళు నడిస్తే దారిస్తుంది. నలభై రోజులు నడవకపోతే ఆ దారినీ మింగేస్తుంది.

అందుకే నడకరి ఉద్యోగాలు పుట్టాయి. తూర్పు గేటులో వెలుగు రేకతో ఎక్కాలి, శిఖరం మీద వానని కొలిచే వానగూడు అద్దాలు తుడవాలి, పొద్దు వాలేలోగా పడమటి గేటులో దిగాలి. చీకటి పడ్డాక అడవి ఎవరి అడుగునీ గుర్తుపట్టదు. ఎందుకో మండలికీ తెలీదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక దానికి 'సాయంకాల విస్మృతి' అని ఒక పేరు పెట్టి ఊరుకున్నారు.

మొదటి నాలుగు గంటలూ వెదురు. దారి మూరెడు వెడల్పు, ఏటవాలు, అరికాలి కింద ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. సింగారమ్మ ముందు తీగలు రెండు బారల దూరంలో పక్కకి తప్పుకుంటున్నాయి. అనుదీప్ వెనక మళ్ళీ దగ్గరికొస్తున్నాయి. అతను వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ అంతకు ముందు నడిచిన దారి లేదు. ఒకటి రెండుసార్లు చూసి, ఆ తర్వాత చూడటం మానేశాడు. పిట్ట కూత లేదు. ఆకుల చివర్ల నుంచి నీటిచుక్కలు పడే చప్పుడు, ఇద్దరి రొప్పు, అంతే.

రెండో వాగు దాటాక కుడివైపు పల్లంలోంచి ఒక గొంతు వినిపించింది.

"మావా!"

ఆడమనిషి గొంతు. పడుచుది. పొలంలోంచి కూడు తినడానికి పిలుస్తున్నట్టు ఉంది. అనుదీప్ చప్పున అటు తిరిగాడు. సింగారమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది.

"మావా!"

అంతే. ఆ తర్వాత ఏమీ లేదు.

"మూడోది రాదు బాబూ. మీకు గేటు కాడ సెప్పారా?"

"చెప్పారండి. మూడో పిలుపు నియమం. మూడోసారి పిలిచేదాకా ఎవరూ పలకకూడదని మా రూలు పుస్తకంలోనే ఉంది."

"అది మీ పుస్తకం కంటే పాతదండి. మా అమ్మమ్మోళ్ళ నాటిది. కొండలో మడిసి పిలిస్తే మూడుసార్లు పిలుత్తాడు. మడిసి కానిదైతే రెండుసార్లకి మించి పిలవలేదు. అందుకని మూడోది ఇన్నాకే ఓయ్ అనాల. నా సిన్నప్పుడు ఈ అడివే లేదు, అయినా మేం అలాగే పెరిగాం. ఈ అడివొచ్చాక అది నిజమయి కూకుంది."

అనుదీప్ తలూపాడు. ఈ నమ్మకాన్ని మండలి పరీక్షించి చూసిన సంగతి అతనికి తెలుసు. అడవిలో వినపడే గొంతులు కచ్చితంగా రెండుసార్లే పిలుస్తాయి. ముప్ఫై ఏళ్ళ నమోదుల్లో ఒక్క మూడో పిలుపు లేదు. కొండవాళ్ళ మాట ఇంత కచ్చితంగా కొలతకి అందడం చూసి విభాగంలో అందరూ ముచ్చటపడ్డారు గానీ, ఎందుకలా అని ఎవరూ గట్టిగా అడగలేదు.

ఇవాళ్టితో ఆ గొంతులన్నీ ఆగిపోతాయి. శిఖరం మీద వానగూడు కింద కొండ మొత్తం వేళ్ళు కలిసే ముడి ఉంది. అక్కడ మౌనకీలం దిగగొడితే గొంతుపొర చెరిగిపోతుంది. పోయిన వానాకాలంలో మల్లిరెడ్డి అనే నడకరి చచ్చిపోయిన తల్లి గొంతు విని దారి తప్పి పోయాక మండలిలో కదలిక వచ్చింది. అయితే కాగితం మీద మొదటి అర్జీ పెట్టింది మాత్రం సింగారమ్మే. ఆమెకి ఆ గొంతులు ఆగాలి. అన్నీ కాకపోయినా ఒక్కటి ఆగాలి. ఆమె మొగుడు గంగిరెడ్డిది.

మూడేళ్ళ కిందట ఇద్దరూ కలిసి ఎక్కారు. శిఖరం దాటి దిగేటప్పుడు మబ్బు కమ్మింది. ఆమె ముందు, అతను వెనక. పడమటి గేటు చేరేసరికి ఆమె ఒక్కతే ఉంది. పదకొండు రోజులు వెతికారు. దారి తప్ప పక్కనున్న ఒక్క పొద కూడా ఎవరికీ చోటివ్వలేదు. ఆ తర్వాత నుంచి ప్రతినెలా శిఖరం దాటిన మొదటి మలుపులో గంగిరెడ్డి గొంతు ఆమెని పేరు పెట్టి పిలుస్తోంది. రెండుసార్లు. ఆమె పలక్కుండా దాటిపోతోంది. దాటిపోయి, పడమటి గేటు దాకా ఏడుస్తూ దిగుతోంది. ముప్ఫై ఆరుసార్లు అలా దిగాక ఇక తన వల్ల కాదనుకుంది.

వెదురు అయిపోయి బండలు మొదలయ్యాయి. ఒకచోట నిట్టనిలువుగా రెండు తాటిచెట్ల ఎత్తు, వేళ్ళు పట్టుకుని పాకాలి. పట్టుకున్న వేరు వెచ్చగా తగిలింది అనుదీప్‌కి. అది తన చేతి వేడే అని తనకి తను చెప్పుకున్నాడు. పైకొచ్చాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, గాలి కోసం అల్లాడాడు.

"కూకోకండి. కూకుంటే మళ్ళీ లేవలేరు. నిలబడే నీళ్ళు తాగండి," అంది సింగారమ్మ. ఆమెకి నలభై ఆరేళ్ళు. ఊపిరి కూడా మారలేదు.

పదకొండు గంటలు దాటాక మబ్బులోకి అడుగుపెట్టారు. చెట్లు పొట్టివైపోయి, ఒంటినిండా నాచు కప్పుకుని ఉన్నాయి. ఆకుల అడుగుభాగాలు ఇద్దరూ వెళుతున్న వైపుకే తిరుగుతున్నాయి. ఊపిరి వదిలిన చోట తిరిగి, ఊపిరి పీల్చేలోగా సర్దుకుంటున్నాయి. ఇక్కడ గొంతులు ఎక్కువ. "అన్నా" అని ఒకటి. "ఓరి రామిగా" అని ముసలి గొంతు. ఒక పసిపిల్ల గొంతైతే పేరు కూడా లేకుండా "అమ్మా" అంది, కాస్త ఆగి మళ్ళీ అంది. అనుదీప్ చెవులు మూసుకున్నాడు. సింగారమ్మ ఒకసారి చూసి ముందుకి నడిచింది. మొదట్లో ఆమె కూడా మూసుకునేది.

శిఖరం చేరేసరికి పన్నెండున్నర. చెట్టు మొలవని నల్లరాతి తల అది. నడిమధ్య వానగూడు, మనిషెత్తు గాజుపెట్టె. సింగారమ్మ పైటచెంగుతో అద్దాలు తుడిచింది. మండలి వాళ్ళిచ్చిన గుడ్డ కంటే తన నూలుచీరే బాగా తుడుస్తుందని ఆమె నమ్మకం. తర్వాత ఆకు పొట్లం విప్పి చోడిముద్ద, చింతచిగురు పచ్చడి ముందు పెట్టుకుంది. అనుదీప్ మండలి వాళ్ళ అట్టముక్కల్లాంటి తిండి తీశాడు. ఆమె చూడలేక సగం ముద్ద అతని చేతిలో పెట్టింది.

"ఒక మాట అడుగుతాను బాబూ. ఆ మేకు దింపినాక, ఆయన గొంతు ఇంకెక్కడా మిగలదు గదా?"

"మిగలదండి. మీరు అడిగింది అదే కదా?"

"అదేనండి." కాసేపు నమిలింది. "ఈ అడివికి ఆయన గొంతు ఎలా వచ్చిందంటారు? మా గేటాఫీసరు అంటాడు, అదంతట అదే అల్లుకుంటాదంట. మన గొంతులు ఇని ఇని, మనకి కావలసినోళ్ళ గొంతు కట్టుకుంటాదంట."

అనుదీప్ తల అడ్డంగా ఊపాడు. తనకి బాగా తెలిసిన విషయం అడిగేసరికి కుర్రాడికి హుషారొచ్చింది.

"అల్లుకోవడం దానికి చేతకాదండి. విన్నదే మళ్ళీ అంటుంది. విన్నచోటే అంటుంది. ఇప్పుడు ఒక చెట్టుకి నీళ్ళు కావాలనుకోండి, వేరుతంతి మీద పిలుస్తుంది. పక్కచెట్టు జవాబిస్తే ఆ పిలుపు చెరిగిపోతుంది. జవాబు రాకపోతే పిలుపు తంతిలోనే ఉండిపోయి, మళ్ళీ మళ్ళీ వెళుతుంటుంది, ఎవరో ఒకరు అందుకునేదాకా. మనుషుల పిలుపుల్ని కూడా అది అలాగే అనుకుంటోంది. పలుకైనా అందాలి, పిలిచినవాళ్ళ దగ్గరికి అడుగైనా పడాలి. రెండూ లేని పిలుపులే మిగిలిపోతాయి. మాకది చెత్త లెక్కండి. తంతి మీద బరువు."

సింగారమ్మ చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది.

"జవాబొస్తే సెరిగిపోతాదా?"

"అవునండి."

"ఎవరైనా మూడోసారి పిలిస్తే మేం పలుకుతాం. అయితే మూడుసార్లు పిలిసినోళ్ళవన్నీ సెరిగిపోతాయి."

"అవును."

"మరి ఉండిపోయేవి?"

అనుదీప్ ముద్ద పక్కన పెట్టి మణికట్టు పలక వెలిగించాడు. కొండ మీద గొంతులున్న చోట్లు చుక్కలుగా కనపడ్డాయి. విభాగంలో రోజూ చూసే పటమే.

"ఎన్నున్నాయి బాబూ?"

"ముప్ఫై ఎనిమిది."

"మా గేటు కాడ దిగిరానోళ్ళ పేర్లు నలభై ఒకటి రాసున్నాయి," అంది సింగారమ్మ. "మిగతా ముగ్గురికీ పిలవడానికి కూడా టైం సిక్కలేదేమో."

గొంతుల పటం వేరుతంతి విభాగంలో ఉంటుంది. తప్పిపోయినవాళ్ళ పట్టిక గేటు ఆఫీసులో ఉంటుంది. రెండిటికీ మధ్య కారిడార్ అంత దూరమే. ముప్ఫై ఏళ్ళలో ఎవరూ ఆ రెండు కాగితాల్నీ ఒక బల్ల మీద పెట్టలేదు. అనుదీప్‌కి ముందు సిగ్గేసింది, తర్వాత భయమేసింది.

"అది దయ్యం పిలుపు కాదన్నమాట," అంది ఆమె. "ఆ రోజే ఇన్నాను బాబూ. మొదటి మలుపులో, మబ్బులో. సింగారీ అన్నాడు. నిలబడ్డాను. మళ్ళీ అన్నాడు. మధ్యలో దగ్గాడు కూడా. మూడోది వస్తాది, వస్తే పలుకుదామని సూశాను. ఒక వక్క నమిలేంతసేపు నిలబడ్డాను. రాలేదు. అడివే ఏడిపిస్తంది అనుకుని దిగిపోయాను." ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూసుకుంది. "మూడోసారి పిలవడానికి ఆయనకి ఓపిక లేక పిలవలేదు. నేనేమో నిలబడి లెక్కపెట్టుకున్నాను."

అనుదీప్ చేతిలో పని ఉంటే నయమనిపించి, మౌనకీలం తీసి వేరుముడి నెర్రెలో నిలబెట్టాడు. సుత్తి తీశాడు. చెవిలో అమర్చిన తంతి పలికింది. గేటు ఆఫీసరు.

"ఒంటిగంట దాటింది. కీలం ఎంతవరకు వచ్చింది?"

"పెట్టానండి. కొట్టాలి."

"కొట్టేసి దిగండి. పొద్దు వాలితే మా బాధ్యత కాదు."

అప్పుడే పడమటి మలుపులోంచి, మబ్బు అడుగు నుంచి వచ్చింది.

"సింగారీ!"

అనుదీప్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. పొద్దుటి నుంచి విన్న గొంతులు వేరు. వాటి వెనక ఏముందో అప్పుడు తెలీదు. ఇందులో గురగుర వినపడుతోంది. ఏదో బరువు గుండెల మీద ఉన్నవాడి గొంతు. ఒక దగ్గు. రాళ్ళు జారిన చప్పుడు.

"సింగారీ!"

సింగారమ్మ లేచి నిలబడింది. ఆమెకి తెలుసు, ఇప్పుడు పలికితే ఆ గొంతు చెరిగిపోతుంది. మూడేళ్ళుగా ఆగిపోవాలని కోరుకున్న గొంతు. ఇప్పుడు పోతుందంటే ప్రాణం ఉసూరుమంటోంది. పలక్కపోతే మేకు దిగుతుంది, అప్పుడూ పోతుంది. కానీ అలా పోతే అతను పిలిచిన పిలుపు ఎవరికీ అందకుండానే పోతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఈ కొండ మీద రెండో పిలుపుకి పలికిన మనిషిని ఆమె ఎరగదు. అమ్మమ్మ కొట్టి మరీ నేర్పింది.

"ఓయ్!" అని అరిచింది. "ఓయ్, వస్తన్నాను! ఇక్కడే ఉన్నానయ్యా, వస్తన్నాను!"

నీటిచుక్కల చప్పుడు ఆగిపోయింది. అప్పటిదాకా వినపడుతున్నదని కూడా తెలియని ఒక సన్నటి హోరు కొండంతటా ఉండేది. అది కూడా ఆగింది. చెవులు దిమ్మెక్కినట్టయ్యాయి. పడమటి మలుపు వైపు ఆకులన్నీ ఒక్కసారిగా అడుగుభాగాలు చూపించాయి. ఆమె పరిగెత్తింది. మూడడుగుల లెక్క మర్చిపోయి అనుదీప్ పడుతూ లేస్తూ వెనకపడ్డాడు. ఈసారి తీగలు అతని ముందు మూసుకోలేదు.

మొదటి మలుపులో, దారికి ఎడమవైపు, పదకొండు రోజులు వెతికినా చోటివ్వని పొదలు రెండుగా విడిపోయి ఉన్నాయి. మధ్యలో కొత్తదారి. తడిమట్టి, దాని మీద ఇంకా ఏ అడుగూ పడలేదు. పాతిక అడుగులు వాలుగా దిగింది. మరో పదిహేను అడుగులు. అక్కడ పెద్ద బండ కింద గంగిరెడ్డి ఉన్నాడు. ఎముకలు, ఒక ఎర్ర తలగుడ్డ, నడుముకి నడకరి బిళ్ళ. నేల కింద నుంచి పైకి వచ్చిన వేళ్ళు బండని ఎత్తి పట్టుకుని ఉన్నాయి. ఎత్తలేక ఎత్తలేక, బెత్తెడు మాత్రమే ఎత్తి ఉన్నాయి.

దారికి నలభై అడుగులు. ఆమె ఆ రోజు నిలబడిన చోటికి నలభై అడుగులు.

సింగారమ్మ అక్కడ కూలబడి ఏడ్చింది. మూడేళ్ళుగా దిగుతూ ఏడ్చిన ఏడుపు కాదు. నోరారా, పేరు పెట్టి, తిట్టి, క్షమించమని అడిగి ఏడ్చింది. అనుదీప్ దూరంగా నిలబడి తనూ కళ్ళు తుడుచుకున్నాడు. చాలాసేపటి తర్వాత ఆమె తలగుడ్డ విప్పి, దొరికినన్ని ఎముకలు అందులో మూటగట్టింది. ఆ మలుపులో గొంతు మళ్ళీ రాలేదు.

చెవిలో తంతి గగ్గోలు పెట్టింది. "అనుదీప్! కీలం కొట్టారా లేదా? పటంలో ఏంటది? కొండ మీద ఒకటే కదా దారి? ఇన్ని గీతలేంటి?"

అతను మణికట్టు కేసి చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా తూర్పు నుంచి పడమటికి ఒక్క గీతగా ఉన్న దారికి రెండువైపులా సన్నటి కొమ్మలు పుట్టుకొస్తున్నాయి. ఒక్కో కొమ్మ చివరా ఒక్కో చుక్క. అన్నీ చిన్నచిన్న కొమ్మలే. ఏదీ వంద అడుగులకి మించి లేదు.

"మనుషులండి," అన్నాడు. "చెత్త కాదండి, మనుషులు."

పైన నల్లరాతి మీద నెర్రెలో నిలబెట్టిన కీలం అలాగే ఉంది. అతను తీసుకురావడానికి వెనక్కి వెళ్ళలేదు.

హోరు మళ్ళీ మొదలైంది. ఒకవైపు నుంచి కాదు, కొండ నలుమూలల నుంచీ. పిలుపుల మీద పిలుపులు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, మిగిలిపోయిన పిలుపుల్లో ఒకదానికి జవాబొచ్చిందని తంతి మీద కబురు అందినట్టుంది. అన్నా, మావా, రామిగా, అమ్మా. ఒకదాని మాట ఇంకోదానికి అడ్డం పడుతోంది. ఒళ్ళు గగుర్పొడిచే చప్పుడది. అయినా సింగారమ్మ మూట చంకన పెట్టుకుని, దగ్గరగా వినపడిన గొంతుకి తలెత్తి పలికింది. ఎవరో "బుల్లెమ్మా" అన్నారు. ఆమె "ఓయ్" అంది. కుడివైపు ఆకులు కదిలాయి.

"అది మిమ్మల్ని కాదు కదండీ పిలిచింది?" అన్నాడు అనుదీప్.

"బుల్లెమ్మ ఇప్పుడెక్కడుందో ఏంటో. ఎవరో ఒకరు పలకాలి గదా బాబూ."

"పొద్దు వాలిపోతుందండి. నాలుగు గంటల దిగుడుంది."

"వాలనియ్యండి."

ఆమె నడుస్తూ పలుకుతోంది. ఇటు ఒకరికి, అటు ఒకరికి. పది గొంతులు దాటేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. పదిహేను దాటేసరికి మాట పెగల్లేదు. అప్పుడు పల్లంలోంచి ఒక ముసలాయన, నీళ్ళలో మునుగుతున్నట్టున్న గొంతుతో, "చెల్లే" అన్నాడు. సింగారమ్మ నోరు తెరిచింది గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె అనుదీప్ వైపు చూసింది.

"చెల్లే!"

అతను గొంతు సవరించుకున్నాడు. నలుగురిలో పాట పాడమంటే పాడబోయే పిల్లాడిలా చెవులు ఎర్రబడ్డాయి.

"ఓయ్," అన్నాడు. చాలలేదనిపించి ఇంకా గట్టిగా అరిచాడు. "ఓయ్, వస్తున్నానండీ!"

పల్లంలో చప్పుడు ఆగింది. ఎడమవైపు పొదలు మెల్లగా పక్కకి జరిగాయి.